లైసిన్ జెల్: ఐదు పిల్లుల ఇంట్లో ఆరు నెలల అనుభవం

పిల్లుల తుమ్ములకూ కళ్ల పుసులకూ పనిచేస్తుందని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక లైసిన్ (చేప, మాంసం లాంటి తిండిలో ఉండే ఒక అమైనో ఆమ్లం) జెల్‌ను నెల్లూరు వేదాయపాళెంలోని మా ఇంట్లో ఐదు పిల్లులకు మూడు నెలలు నాకించాను, తర్వాత మూడు నెలలు పూర్తిగా మానేసి చూశాను. తయారీదారు పేరు రాయడం లేదు. నా ఫిర్యాదు ఒక కంపెనీ మీద కాదు కాబట్టి, ఇదే పదార్థంతో వస్తున్న పొడులకూ, నమలే బిళ్లలకూ కూడా ఈ సమీక్ష వర్తిస్తుంది. రుచికి నాలుగు మార్కులు వేస్తాను, వైద్యానికి సున్న.

ఈ తుమ్ములకూ పుసులకూ మూలం పిల్లుల హెర్పిస్ అనే వైరస్. మా ఇంటికి ఈ జబ్బు వచ్చిన తీరులో తప్పు నాదే. డిసెంబరు ముసురులో చేపల మార్కెట్ దగ్గర తడిసి వణుకుతున్న ఒక కూనను సంచిలో వేసుకుని తెచ్చాను. దానికి చిట్టి అని పేరు పెట్టాము. అప్పటికే మల్లి, గంగ, బొగ్గు, పండు అనే నాలుగు పిల్లులు ఇంట్లో ఉన్నాయి. కొత్త పిల్లిని కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచాలని తెలిసి కూడా, అంత చిన్నదాన్ని ఒంటరిగా పడుకోబెట్టడానికి మనసు రాక హాల్లోనే అట్టపెట్టెలో ఉంచాను. మూడో రోజున చిట్టి తుమ్మింది, పదో రోజుకు ఇల్లంతా తుమ్ములే. చిట్టి ఎడమ కన్ను మూసుకుపోయినప్పుడు, ఇంట్లో మిగిలి ఉన్న మనుషుల కంటి చుక్కలు వేయబోయి, ఎందుకో అనుమానం వచ్చి ఆగాను. వాటిలో స్టెరాయిడ్ ఉందని తర్వాత తెలిసింది. హెర్పిస్ పుండు ఉన్న కంట్లో స్టెరాయిడ్ పడితే పుండు ఇంకా లోతుకు దిగుతుంది. డాక్టరు గారు నారింజ రంగు కాగితపు ముక్కతో కంట్లో రంగు అంటించి నీలం దీపం వేయగానే, నల్లగుడ్డు మీద చెట్టుకొమ్మలా చీలిన పచ్చని గీత కనిపించింది. అది హెర్పిస్ పుండు గుర్తు.

ఈ వైరస్ పిల్లులకు మాత్రమే వస్తుంది, మనుషులకు అంటదు. పక్కింటివారు నన్ను నాలుగుసార్లు అడిగారు కాబట్టి ఈ సంగతి ముందే చెబుతున్నాను. ఒకసారి సోకితే మాత్రం పోదు. ముఖానికి వెళ్లే ఒక నరం మొదలు దగ్గర దాక్కుని నిద్రపోతుంది. సోకిన పిల్లుల్లో సుమారు 80 శాతం జీవితాంతం దాన్ని మోస్తూనే ఉంటాయి. పిల్లి బెదిరినా, దాని ఇల్లు మారినా, కొత్త పిల్లి వచ్చినా వైరస్ నిద్ర లేస్తుంది. అందుకే చిట్టి మా ఇంటికి జబ్బు తెచ్చిందో, మా ఇంట్లో నిద్రపోతున్న జబ్బును లేపిందో ఇప్పటికీ తేల్చి చెప్పలేను.

మందుతో చిట్టి కన్ను మూడు వారాల్లో నయమైంది. మళ్లీ రాకుండా ఉండాలని, పిల్లులు పెంచే ఒక స్నేహితురాలి మాట విని ఈ జెల్ కొన్నాను. వంద మిల్లీలీటర్ల ట్యూబు ధర 650 రూపాయలు. ఒక్క మిల్లీలీటరులో 250 మిల్లీగ్రాముల లైసిన్ ఉంటుందనీ, ఉదయం సాయంత్రం ఒక్కో మిల్లీలీటరు పెట్టాలనీ దాని మీద రాసి ఉంది. ఐదు పిల్లులకు రోజుకు పది మిల్లీలీటర్లు కావాలి, అంటే ట్యూబు పది రోజులకే అయిపోతుంది. మూడు నెలల్లో తొమ్మిది ట్యూబులకు 5,850 రూపాయలు పెట్టాను. జెల్ తేనె రంగులో చిక్కగా ఉంటుంది, మాల్టు వాసన వస్తుంది. పండు దాన్ని వేలి మీద నుంచి కూడా నాకుతుంది. బొగ్గు దాన్ని చూడగానే బీరువా మీదికి ఎక్కుతుంది. గంగ నోట్లో పెట్టించుకుని, నేను తిరగగానే సోఫాకు తుడిచేస్తుంది.

లైసిన్ వెనుక ఉన్న ఆలోచన వినడానికి బాగానే ఉంటుంది. వైరస్ పెరగడానికి అర్జినిన్ అనే అమైనో ఆమ్లం కావాలి, లైసిన్ ఎక్కువైతే అర్జినిన్‌కు చోటు దొరకదు, అప్పుడు వైరస్ ఆగుతుంది అంటారు. అర్జినిన్ తక్కువగా ఉన్న గాజు పాత్రలోని కణాల్లో ఇది కొంత నిజమైంది. బతికి ఉన్న పిల్లిలో మాత్రం లైసిన్ పెట్టినంత మాత్రాన రక్తంలో అర్జినిన్ తగ్గలేదు. తగ్గకపోవడమే మనకు మేలు, ఎందుకంటే పిల్లి శరీరం అర్జినిన్‌ను తనకు సరిపడా తయారు చేసుకోలేదు, అది పూర్తిగా లేని ఒక్క పూట తిండితోనే రక్తంలో అమోనియా పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. దిక్కులేని పిల్లులను ఉంచే షెల్టర్లలో లైసిన్ పెట్టి చూసిన పరిశోధనల్లో లాభం కనిపించలేదు. 2009 నాటి ఒక పరిశోధనలో లైసిన్ కలిపిన ఆహారం తిన్న పిల్లుల్లోనే జబ్బు కొంత ఎక్కువగా కనిపించింది. అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నింటినీ 2015లో ఒకచోట చేర్చి పరిశీలించినవారు, పిల్లులకు లైసిన్ ఇవ్వడం వెంటనే ఆపాలని రాశారు. ఇవన్నీ నేను తొమ్మిదో ట్యూబు కొన్న తర్వాతే చదివాను.

వీటికి తోడు నెల్లూరు లెక్క ఒకటి ఉంది. మా పిల్లులు రోజూ ఉడికించిన చేప తింటాయి. వంద గ్రాముల చేపలో ఒకటిన్నర గ్రాములకు పైగా లైసిన్ సహజంగానే ఉంటుంది. రోజూ పెట్టే చేపలోనే దొరికే దాని కోసం నేను 650 రూపాయల ట్యూబు పిండుతున్నానన్నమాట.

ఎవరు ఎప్పుడు తుమ్మారో, ఎవరి కన్ను కారిందో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టాను. జెల్ వాడిన మూడు నెలల్లో జబ్బు నాలుగుసార్లు తిరగబెట్టింది, మానేసిన మూడు నెలల్లో మూడుసార్లు. ఐదు పిల్లులతో ఏదీ రుజువు కాదు, పైగా మొదటి మూడు నెలలు చలికాలం, తర్వాతి మూడు నెలలు ఎండాకాలం. అయినా ఆ పుస్తకంలో ఇంకో సంగతి స్పష్టంగా కనిపించింది. భోగి రోజున బంధువులు పిల్లలతో సహా వచ్చారు, ఎనిమిదో రోజున గంగ కన్ను కారింది. వెనుక గోడ మీదికి వీధి గండుపిల్లి రావడం మొదలైన వారానికి మల్లి తుమ్మింది. ఇంటికి రంగులు వేయించిన తర్వాతా ఇదే వరుస. పిల్లి బెదిరిన నాటికీ వైరస్ బయటపడే నాటికీ మధ్య సుమారు వారం ఎడం ఉంటుందని చదివినప్పుడు నా పుస్తకం నాకే అర్థమైంది.

ఆ లెక్కన చూస్తే జెల్ పెట్టడం కూడా బెదిరింపే. బొగ్గును బీరువా మీద నుంచి దించి, తువాలులో చుట్టి, నోరు తెరిపించడం రోజుకు రెండుసార్లు జరిగేది. మా అమ్మ ఒక రోజు గుమ్మంలో నిలబడి, "ఏంది నాయనా, తుమ్ములు తగ్గాలని దాన్ని రోజూ రెండుసార్లు ఏడిపిస్తా ఉంటివే?" అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు. మరునాడే జెల్ ఆపేశాను. బొగ్గు బీరువా మీద నుంచి తనంతట తాను దిగి రావడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది.

ఈ డబ్బు వేరేచోట పెట్టి ఉంటే బాగుండేది. చిట్టి కంటిని కాపాడింది ఫామ్‌సైక్లోవిర్ అనే, వైరస్‌ను అణిచే మందు. అది మనుషుల మందే, మందుల షాపుల్లో దొరుకుతుంది, కానీ మోతాదు పిల్లి బరువును బట్టి డాక్టరే చెప్పాలి. షాపులో అది లేదని దాని బదులు ఎసైక్లోవిర్ బిళ్లలు ఇస్తే తీసుకోవద్దు, అవి పిల్లి ఎముక మజ్జను దెబ్బతీస్తాయి. జ్వరానికి పారాసిటమాల్ కూడా పెట్టకూడదు, అది పిల్లికి విషం. టీకా ఈ వైరస్ సోకకుండా ఆపలేకపోయినా జబ్బు తీవ్రతను తగ్గిస్తుంది కాబట్టి, కొత్తగా వచ్చే కూనలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి.

ఇంట్లో చేసుకోగల మార్పులకు దాదాపు ఖర్చు లేదు. తుమ్మే పిల్లిని పెరటి గదిలోకి మార్చి, దాని గిన్నెలనూ ఇసుక ట్రేనూ వేరు చేశాను. మిగతా పిల్లుల పనులు ముగించుకుని చివరగా దాని దగ్గరికి వెళ్లి, చేతులు కడుక్కుని బయటికి వస్తాను. ఐదు పిల్లులకు ఆరు ఇసుక ట్రేలు పెట్టాను. నేల తుడవడానికి ఫినాయిల్ మానేశాను, ఎందుకంటే అందులోని ఫినాల్ జాతి రసాయనాలు పిల్లికి విషం. ముప్పై రెండు పాళ్ల నీళ్లకు ఒక పాలు బ్లీచ్ ద్రావణం కలిపి తుడిచి, ఆరిన తర్వాతే పిల్లులను లోపలికి వదులుతున్నాను. ఈ వైరస్ పొడి నేల మీద ఎక్కువసేపు నిలవదు. ముక్కు బిగిస్తే స్నానాల గదిలో వేడి నీళ్ల ఆవిరి పట్టిస్తే చాలు. ఆ నీళ్లలో విక్స్ గానీ నీలగిరి తైలం గానీ వేయకూడదు. వాసన తెలియని పిల్లి తినదు కాబట్టి చేపను గోరువెచ్చగా చేసి పెడతాను. రెండు రోజులు ఏమీ తినకపోతే ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి, ఆకలితో ఉన్న పిల్లికి కాలేయం కొవ్వు పట్టి పాడవుతుంది.

జెల్‌కు ఒక్క ఉపయోగం దొరికింది. ఫామ్‌సైక్లోవిర్ బిళ్ల భరించలేనంత చేదు, పిల్లి నోట్లో పడగానే నురగ కక్కుతుంది. ఆ బిళ్లను ఖాళీ జెలటిన్ క్యాప్సూల్ గొట్టంలో పెట్టి, పైన ఈ జెల్ బఠానీ గింజంత రాస్తే పండు గుటుక్కున మింగుతుంది. అందుకే చివరి ట్యూబును పారేయకుండా ఫ్రిజ్ తలుపులో ఉంచాను. రోహిణి కార్తెలో అల్మారాలో ఉంచిన ట్యూబు నీళ్లలా కరిగి మూత చుట్టూ చీమలు పట్టాయి కాబట్టి, కొనేవారు ఎవరైనా ఉంటే వేసవిలో మాత్రం ఆర్డరు పెట్టవద్దు.