ఊసరవెల్లి పిల్లకి జాలీ (సన్న వల) గూడు మేలా, గాజు ట్యాంకు మేలా?

మేముండేది డాలస్‌లో. మావాడి గోల పడలేక మూణ్ణెల్ల వెయిల్డ్ ఊసరవెల్లి పిల్లని తెచ్చాం, తోకతో సహా అరచేతిలో పట్టేస్తుంది. మన దగ్గర తొండని కూడా ఊసరవెల్లి అనేస్తారు గానీ ఇది వేరు, యెమెన్, సౌదీ వైపు జాతి. ఇండియాలో ఉన్నవాళ్ళు మాత్రం మన చెట్ల మీద దొరికేదాన్ని పట్టి పెంచకండి, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

తెచ్చిన రోజు నుంచీ ఇంట్లో ఒకటే పంచాయితీ, జాలీనా గాజా అని.

నా ఓటు జాలీకే. ఎందుకంటే ఇది గిన్నెలో నీళ్ళు పెడితే తాగదు, ఆకుల మీద బొట్లు నాకుతుంది, అందుకని రోజూ స్ప్రే చెయ్యాలి, చేసిన తడి ఆరకపోతే ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ పట్టుకుంటుంది. జాలీలో గాలి ఆడి చక్కగా ఆరిపోతుంది. కాకపోతే ఏసీ ఇంట్లో మరీ తొందరగా ఆరిపోతుంది, పిల్లకి అదీ కష్టమే. ఇంకో తలనొప్పి క్రికెట్లు, అంటే ఆట కాదండోయ్, కీచురాళ్ళ పిల్లలు. పిల్ల రెండు కళ్ళ మధ్య దూరం కన్నా పెద్ద పురుగు పెట్టకూడదు, అంత చిన్నవి జాలీ కన్నాల్లోంచి దూరి పోతాయి, మాకు బాత్రూంలో కూడా దొరికాయి.

గాజులో ఈ రెండు గొడవలూ లేవు. తేమ నిలుస్తుంది, పురుగులు బయటికి పోవు. కానీ అద్దంలో తన నీడే చూసుకుని ఇంకోటి వచ్చిందనుకుని నల్లబడిపోయి బుసకొడుతుంది. పైగా ఎండ తగలాలని ట్యాంకుని కిటికీ దగ్గర పెట్టేరు, ఆ పని అస్సలు చెయ్యకండి, ఎముకలకి కావాల్సిన యూవీబీ (ఎండలోని ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ని గాజు ఆపేస్తుంది, వేడిని మాత్రం లోపలే ఉంచుతుంది, చిన్న ప్రాణం ఉడికిపోతుంది.

ఏది కొన్నా పైన పొడుగాటి టీ5 (సన్నటి ట్యూబ్‌లైటు రకం) యూవీబీ ట్యూబ్ ఉండాల్సిందే, కాల్షియం పొడి పురుగులకి అద్ది పెట్టాల్సిందే, లేకపోతే ఎముకలు వంకర్లు పోతాయి. పిల్లకి వెచ్చని కొమ్మ దగ్గర 80-85 ఫారెన్‌హీట్ చాలు.

మేం చివరికి చేసిందేంటంటే జాలీ గూడే కొని మూడు పక్కలా బయటినుంచి ప్లాస్టిక్ షీట్ అంటించాం, ముందువైపు, పైన వదిలేశాం. తేమ ఆగింది, గాలీ ఆడుతోంది. పురుగుల్ని లోతైన కప్పులో పెడుతున్నాం, అది తిన్నగా వచ్చి కప్పులోకి నాలుక విసురుతుంది, మావాడైతే స్కూలుకి లేటయినా అది చూసే వెళ్తాడు.

చికాగో, న్యూజెర్సీ వాళ్ళకి మాత్రం చలికాలమంతా హీటర్ పొడి గాలే కాబట్టి గాజుదే నయం, కాకపోతే కింద గాలి రంధ్రాలు, పైన జాలీ మూత ఉన్నదే చూసుకోండి, చేపల ట్యాంకు మాత్రం వద్దు.