హెవీ డ్యూటీ పికప్, మూడేళ్ల వాడకం: బ్రోషర్‌లో 1,800 కిలోలు, చివరికి నాకు మిగిలింది 196

మూడేళ్లుగా ఈ బండి నడుపుతున్నాను. డీజిల్ ఇంజిన్, నాలుగు తలుపుల క్యాబిన్, ఫోర్ వీల్ డ్రైవ్, అందరూ ముప్పావు టన్ను అని పిలిచే క్లాసు (అది పాత నుంచి వస్తున్న పేరు మాత్రమే, మోసే బరువు కాదు). కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పే విషయం ఈ క్లాసులో ఏ బండికైనా అంతే.

ముందు మంచి మాటలు చెప్పేస్తాను. ఇంజిన్ అద్భుతం. ట్రైలర్ తగిలించి ఘాట్ ఎక్కుతుంటే వెనక ఏదో ఉందన్న సంగతే తెలియదు, దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేక్ బండిని గట్టిగా పట్టి ఉంచుతుంది. మూడేళ్లలో ఒక్కసారి కూడా దారిలో ఆపలేదు. ఖాళీగా ఉన్నప్పుడు గతుకుల్లో వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, కానీ బరువు మోయడానికి కట్టిన స్ప్రింగులు కాబట్టి దాన్ని నేను తప్పుగా చూడను.

అసలు గొడవ పేలోడ్ దగ్గర, అంటే మనుషులు, సామాను కలిపి బండి మోయగల బరువు దగ్గర. కొనేటప్పుడు సేల్స్ అతను బ్రోషర్ తెరిచి 1,800 కిలోల పైనే మోస్తుంది సార్ అన్నాడు, నేను నమ్మాను. ఆ అంకె అబద్ధం కాదు, కానీ అది రెండు తలుపుల క్యాబిన్, పెట్రోల్ ఇంజిన్, టూ వీల్ డ్రైవ్ ఉన్న, ఏ హంగులూ లేని తేలిక మోడల్‌ది. నేను కొన్నది అది కాదు. బండి మొత్తం బరువుకి కంపెనీ పెట్టే గరిష్ఠ పరిమితిని జీవీడబ్ల్యూఆర్ అంటారు, నా బండికి అది 4,536 కిలోలు, అంటే సరిగ్గా 10,000 పౌండ్లు. అందులోంచి బండి సొంత బరువు తీసేస్తే మిగిలేదే పేలోడ్. డీజిల్ ఇంజిన్ బరువు, పెద్ద క్యాబిన్ బరువు, ముందు యాక్సిల్‌కి చేరిన ఫోర్ వీల్ సామాను, సన్‌రూఫ్, అన్నీ ఆ మిగులులోంచే పోతాయి. మనం డబ్బు ఎక్కువ పెట్టిన కొద్దీ బండి మోసే బరువు తగ్గుతుందన్నమాట. ఇది షోరూమ్‌లో ఎవరూ చెప్పరు.

డ్రైవర్ తలుపు తీస్తే పిల్లర్ మీద ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది, మనుషులు, సామాను కలిపి ఇంత బరువు దాటకూడదు అని. అదీ మీ బండి అంకె, మీ ఒక్క బండిదే. నాది 1,090 కిలోలు. బ్రోషర్ అంకెకీ దీనికీ 700 కిలోలకు పైగా తేడా! అమెరికా రూల్ ప్రకారం ఈ స్టిక్కర్ 10,000 పౌండ్ల దాకా ఉన్న బండ్లకే తప్పనిసరి, అంతకు మించిన ఒక టన్ను క్లాసు బండ్లకు కొన్నిసార్లు దొరకదు, అప్పుడు బండిని కాటా వేయించి జీవీడబ్ల్యూఆర్ లోంచి తీసేయడమే దారి.

నిజానికి స్టిక్కర్ ఉన్నా కాటా వేయించాలనే నేనంటాను. స్టిక్కర్ లెక్క ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పటిది, ఆ తర్వాత మనం బిగించినవన్నీ దానికి తెలియవు. నేను తొట్టి మీద ఫైబర్ టాప్ వేయించాను, పనిముట్ల పెట్టె పెట్టించాను. ట్యాంకు నిండా కొట్టించి, నేను ఒక్కడినే కూర్చుని వే బ్రిడ్జి ఎక్కిస్తే 3,730 వచ్చింది. మిగిలింది 806 కిలోలు. ఇంట్లో మిగతా ముగ్గురూ ఎక్కితే ఇంకో 170 పోయింది, 636. వారాంతాల్లో లాగే ట్రైలర్ నిండుగా 3,500 కిలోలు ఉంటుంది, దాని ముందు భాగం కొక్కెం మీద మోపే బరువు మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి, నాది కాటాలో 420 తేలింది, ట్రైలర్ తగిలించే బాల్ మౌంట్ ఇనుము 20. లెక్క చూస్తే 196 కిలోలు మిగిలాయి. మంచి కూలర్ బాక్సు, జనరేటర్, నాలుగు సంచులు పెడితే అయిపోతుంది. ఏడు టన్నులు లాగుతుందని ప్రకటించే బండికి ఇంత తక్కువ మిగులుతుందని మొదటిసారి స్లిప్ చూసినప్పుడు నిజంగా కంగారు పడ్డాను.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు, డీజిల్ బరువు విడిగా తీసేస్తారు. స్టిక్కర్ అంకె ట్యాంకు నిండుగా ఉందనే లెక్కకట్టింది, మళ్ళీ తీయక్కర్లేదు. మనుషుల బరువు మాత్రం తీయాల్సిందే. కంపెనీలు తమ లెక్కల్లో మనిషికి 68 కిలోలు వేసుకుంటాయి, మన ఇంట్లో వాళ్ళు అంతకంటే ఎక్కువో తక్కువో మీకే తెలుసు.

ఇంకా ముఖ్యమైనది యాక్సిల్ విషయం. కొక్కెం మీద 420 పెడితే వెనక యాక్సిల్ మీద 420 పడదు. నా బండిలో ముందు, వెనక చక్రాల మధ్య దూరం 4 మీటర్లు, కొక్కెం వెనక యాక్సిల్‌కి 1.4 మీటర్ల వెనక ఉంటుంది, కాబట్టి తక్కెడలా పనిచేసి వెనక 567 కిలోలు పడుతుంది, ముందు చక్రాల మీది నుంచి 147 లేచిపోతుంది. ముందు తేలితే స్టీరింగ్ పట్టు తగ్గుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్ళలో పడతాయి. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ వాడితే ఈ బరువులో కొంత ముందుకీ, కొంత ట్రైలర్ చక్రాలకీ తిరిగి వెళ్తుంది, నేను అదే వాడుతున్నాను, తేడా మొదటి మలుపులోనే తెలిసింది. అందుకే కాటాలో మొత్తం బరువు ఒక్కటే కాదు, ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా అడిగి స్లిప్ తీసుకోండి.

టైర్లు కూడా చూడండి. నా టైరు మీద లోడ్ ఇండెక్స్ 121 అని ఉంది, అంటే ఒక్కో టైరు 1,450 కిలోలు, వెనక రెండూ కలిపి 2,900, నా వెనక యాక్సిల్ రేటింగ్, అంటే దాని మీద పడగల గరిష్ఠ బరువు, కూడా అంతే. అదీ గాలి 80 పీఎస్ఐ ఉన్నప్పుడే. అందం కోసం ఇండెక్స్ తక్కువ ఉన్న టైర్లు వేస్తే ఆ మేరకు మోసే శక్తి పోయినట్టే. అలాగే వెనక సస్పెన్షన్‌కి గాలి నింపే బ్యాగులు గానీ అదనపు స్ప్రింగులు గానీ వేయిస్తే బండి వెనక వంగదు, చూడ్డానికి బాగుంటుంది, కానీ జీవీడబ్ల్యూఆర్ ఒక్క కిలో కూడా పెరగదు, బ్రేకులు, యాక్సిల్, టైర్లు పాతవే కదా.

ఇసుక, కంకర వేసేవాళ్ళు మరీ జాగ్రత్త. ఘనమీటరు పొడి ఇసుకే సుమారు 1,600 కిలోలు ఉంటుంది, తడిస్తే ఇంకా పెరుగుతుంది. నా తొట్టిలో దాదాపు రెండు ఘనమీటర్లు పడుతుంది. అంటే సగం కూడా నింపకూడదు, కానీ సగం నింపిన తొట్టి చూస్తే ఖాళీగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ప్రమాదమంతా అక్కడే.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఎక్కువగా ట్రైలర్ లాగేవాళ్ళకి, ఘాట్ రోడ్లు తిరిగేవాళ్ళకి డీజిల్ తీసుకోమనే చెప్తాను. తొట్టిలోనే బరువు వేసేవాళ్ళయితే పెట్రోల్ ఇంజిన్ లేదా ఒక టన్ను క్లాసు చూడండి, ధరలో తేడా కంటే పేలోడ్‌లో తేడా పెద్దది. డబ్బు కట్టే ముందు షోరూమ్‌లో మీకు ఇచ్చే ఆ బండి తలుపే తీసి స్టిక్కర్ ఫోటో తీసుకోండి, పక్కన నిలబెట్టిన అదే రంగు, అదే మోడల్ బండిది కాదు.