ముగ్గుకి ఏది మేలు: బియ్యప్పిండా, ముగ్గుపిండా, పెయింటా?

ధనుర్మాసం వస్తే నెల రోజులూ వాకిట్లో ముగ్గు పడాల్సిందే కాబట్టి, దేంతో వేస్తామన్నది చిన్న విషయం కాదు. నా మటుకు నాకు గడపకీ దేవుడి పీటకీ తడి బియ్యప్పిండి, వాకిట్లో పెద్ద ముగ్గుకి బజారులో అమ్మే ముగ్గుపిండి. పెయింట్ మాత్రం వద్దు.

పొడి బియ్యప్పిండిని చీమలూ పిచ్చుకలూ తింటాయి, పెద్దవాళ్లు దాన్ని పుణ్యమనేది అందుకే. కానీ వంటకి ఆడించిన మెత్తటి పిండి వేళ్లకి అంటుకుని గీత ఒకచోట లావుగా, ఒకచోట తెగిపోతూ పడుతుంది. కాస్త బరకగా ఆడిస్తే నయం. అయినా దాంతో పెద్ద మెలికల ముగ్గు తిప్పడం కష్టమే. తడిపిండి సంగతి వేరు. బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, పలచగా కలిపి, చిన్న గుడ్డముక్క అందులో ముంచి పిండుతూ ఉంగరపు వేలి కొస నుంచి గీత దించితే, వేసినప్పుడు సరిగ్గా కనబడదు గానీ ఆరేకొద్దీ తెల్లగా తేలుతుంది, అటూ ఇటూ నడిచినా అంత తేలిగ్గా చెదరదు.

ముగ్గుపిండి రాతి పొడి. బరువుంటుంది, వేళ్ల మధ్య నుంచి ధారగా జారుతుంది, కల్లాపి తడి ఆరకముందే వేస్తే నేలని పట్టుకుంటుంది. రథం ముగ్గు వేసి దాని తాడుని పక్కింటి ముగ్గుకి కలపాలంటే ఇదే కావాలి. చీమలకి పనికిరాదు, అదొక్కటే లోటు, అందుకని గుప్పెడు బియ్యప్పిండి కలుపుతాను. మరీ దుమ్ములా ఉన్నది కొనకండి, ఊడ్చేటప్పుడు ముక్కులోకి పోతుంది.

పొద్దున్నే ఆఫీసుకి పరిగెత్తేవాళ్లు పెయింట్, స్టిక్కర్ అంటే నాకు అర్థమవుతుంది. కానీ నున్నటి మెట్ల మీద పెయింట్ తడిస్తే కాలు జారుతుంది, స్టిక్కర్ అంచులు లేచి మురికి పడుతుంది. అన్నిటికంటే, రోజూ చెరిపి రోజూ వేస్తేనే చెయ్యి తిరుగుతుంది, ఇంట్లో పిల్లలకి చుక్కల లెక్క వస్తుంది. ఒకసారి అతికించేశాక ఎవరు నేర్చుకుంటారు? టైం లేని రోజు సుద్దముక్కతో నాలుగు చుక్కలు పెట్టి చిన్న ముగ్గు కలిపేయండి, రెండు నిమిషాల పని. ఫ్లాట్లో లేతరంగు టైల్స్ ఉండి తెలుపు కనబడకపోతే, ముందు ఎర్రమట్టి పలచగా అలికి, ఆరాక దానిమీద తడిపిండితో వేయండి.