మడ అడవికి వెల కట్టాలంటే ఏ లెక్క మేలు?

పాటు వేళ కోరింగ అభయారణ్యంలోని చెక్క బాట మీద నిలబడి కిందికి చూస్తే, బురదలో పెన్సిళ్లు గుచ్చి నిలబెట్టినట్టున్న మడ చెట్ల ఊపిరి వేళ్లూ, వాటి సందుల్లో అడ్డంగా పరుగెత్తే పీతలూ కనిపిస్తాయి. ఇలాంటి బురదనేల ఎకరం ఎంత చేస్తుందని అడిగితే, రొయ్యల చెరువు తవ్వదలచినవారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. కౌలు, మేత ఖర్చు, కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య), దిగుబడి అన్నీ ఒక కాగితం మీద వేసి చూపగలరు. అడవి ఉండాలనేవారి దగ్గర అటువంటి కాగితం లేకపోతే లెక్కలో అడవి వాటా సున్నాగా మిగిలిపోతుంది. అందువల్ల ప్రకృతికి వెల కట్టవచ్చా కూడదా అన్న వాదం కన్నా, ఏ పద్ధతిలో కడితే ఆ అంకె నిలబడుతుందన్న ప్రశ్నే నాకు ముఖ్యంగా తోస్తుంది. మడ అడవి విషయంలో నాలుగు దారులున్నాయి. నాలుగూ ఒకే విలువ చెప్పవు, ఒకే పనికీ రావు.

అన్నిటికన్నా సులువైనది ప్రభుత్వ రేటు పట్టిక. అటవీ భూమిని వేరే పనికి మళ్లించేవారు చెల్లించవలసిన ‘నికర ప్రస్తుత విలువ’ను, అంటే అడవి ముందు ముందు ఇవ్వబోయే మేలుకు ఇవాళ్టి లెక్కలో కట్టిన వెలను, సుప్రీంకోర్టు 2008 మార్చిలో, అడవుల రక్షణపై నడిచిన గోదావర్మన్ కేసులో, అడవి తరగతిని బట్టి, సాంద్రతను బట్టి హెక్టారుకు రూ.4.38 లక్షల నుంచి రూ.10.43 లక్షల వరకు ఖరారు చేసింది. అభయారణ్యాలకు దానికి ఐదు రెట్లు, జాతీయ పార్కులకు పది రెట్లు. 2022లో కేంద్రం ఈ రేట్లను పెంచి గరిష్ఠాన్ని దాదాపు రూ.15.96 లక్షలు చేసింది. ఈ పట్టికకు గొప్ప సుగుణం ఒకటుంది: ఎవరితోనూ వాదించనక్కర లేదు, గుమాస్తా కూడా పది నిమిషాల్లో లెక్క తేల్చగలడు. అయితే సముద్రానికీ ఊరికీ మధ్య నిలిచిన మడకూ, వెనుక మనిషి జాడే లేని మడకూ పట్టికలో తేడా లేదు. ఇంకా చెప్పాలంటే 2008 పట్టికలో మడ చేరే చిత్తడి తీరపు అడవుల తరగతికీ, కొండల మీది సతత హరితారణ్యానికీ ఒకటే రేటు. కాబట్టి దాన్ని రుసుముగా ఒప్పుకోవచ్చు గాని, విలువ అనడం కష్టం.

రెండో దారి గోడ ఖర్చు. అడవి లేకపోతే ఆ పని చేయించడానికి కరకట్టో, రాళ్ల గోడో కట్టాలి కదా, దానికయ్యే డబ్బే అడవి విలువ అని వాదన. ఇంజనీర్లకు ఇది బాగా నచ్చుతుంది, ఎందుకంటే కిలోమీటరు గోడకు అంచనా వేయడం వారికి నిత్యకృత్యం. ఇందులో చెప్పకుండా దాచిన షరతులు మూడున్నాయి: గోడ అడవి చేసే పనే చేయాలి, ఉన్న మార్గాల్లో అదే చవకది కావాలి, అడవి పోయిన రోజున ఆ ఊరివారు నిజంగా అంత డబ్బు పెట్టి గోడ కట్టుకోవాలి. మూడింటిలో ఏది తప్పినా అంకె ఉబ్బిపోతుంది. కాకినాడ పక్కన ఉప్పాడ తీరంలో కోతను ఆపడానికి వేసిన జియోట్యూబుల (ఇసుక నింపిన భారీ గొట్టపు సంచుల) గోడ అలల తాకిడికి ఎలా చెదిరిపోయిందో చూసినవారికి మొదటి షరతు గురించి విడమరచి చెప్పనక్కర లేదు.

అంతకన్నా బలమైన సాక్ష్యం ఒడిశాలో ఉంది. 1999 అక్టోబరు 29 నాటి పెను తుపాను తరువాత భితర్‌కనిక ప్రాంతంలో మూడు ఊళ్లను పోల్చి చూసిన అధ్యయనం 2005లో వెలువడింది. మడ అడవి చాటున ఉన్న ఊరిలో ఒక్కో కుటుంబానికి జరిగిన నష్టం సగటున 33 డాలర్లు. అడవీ గట్టూ రెండూ లేని ఊరిలో 44 డాలర్లు. అడవి లేక గట్టు మాత్రమే ఉన్న ఊరిలో 153 డాలర్లు! గట్టు తెగి లోపలికి వచ్చిన ఉప్పునీరు మళ్లీ బయటికి పోవడానికి ఆ గట్టే అడ్డు నిలిచి చేలను ముంచి ఉంచింది. మడ చెట్లయితే అల జోరును తగ్గిస్తాయి గాని వెనక్కి వెళ్లే నీటిని పట్టి ఉంచవు. గోడ ధరతో అడవిని తూచేవారు ముందు ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఈ అధ్యయనం పట్టుకున్నదే మూడో దారి, అంటే తప్పిన నష్టాన్ని లెక్కించడం. అడవి ఉన్నచోట, లేనిచోట తుపాను చేసిన నష్టాల తేడాను చూసి ఆ తేడాను అడవి ఖాతాలో వేస్తారు. కేంద్రపడ జిల్లాలో అదే తుపాను మృతులను ఊరివారీగా పరిశీలించిన పరిశోధకులు సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ 2009లో ప్రకటించిన ఫలితం ప్రకారం, తీరానికీ ఊరికీ మధ్య మడ పట్టీ వెడల్పుగా ఉన్నచోట మరణాలు స్పష్టంగా తక్కువ. నేను దీన్నే ఎంచుకుంటాను. లోపాలు లేవని కాదు: తుపాను రాని ఏళ్లలో ఈ లెక్కకు సరుకు దొరకదు, ఎత్తైన నేల చేసిన మేలును అడవికి అంటగట్టే ప్రమాదమూ ఉంది. పోయిన ప్రాణాన్ని రూపాయల్లోకి మార్చే ఘట్టం వచ్చినప్పుడు మాత్రం ఆగిపోవడమే మర్యాద అని నా అభిప్రాయం. మరణాల అంకెను మరణాలుగానే ఆస్తి నష్టం పక్కన రాస్తే లెక్కకు వచ్చే లోటేమీ లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగిన తీరానికి ఆ అంకెను విడిగా వివరించవలసిన పని ఉండదు.

ఇక నాలుగోది జనాన్ని అడగడం: ఈ అడవిని కాపాడటానికి మీరెంత ఇస్తారు? 1989లో అలాస్కా తీరాన ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికినప్పుడు, ఆ తీరాన్ని ఎన్నడూ చూడని అమెరికా కుటుంబాలను ఇలాగే అడిగి నష్టాన్ని 280 కోట్ల డాలర్లుగా తేల్చారు. కెన్నెత్ ఆరో, రాబర్ట్ సోలో వంటి నోబెల్ అందుకున్న ఆర్థికవేత్తలున్న సంఘం 1993లో దీనికి కఠినమైన నియమాలు పెట్టి, కోర్టుల్లో చర్చ మొదలుపెట్టడానికి పనికొస్తుందని ఒప్పుకుంది. చూడకపోయినా ఉండాలని కోరుకోవడంలోని విలువను, కోరింగలో అయితే బావురుపిల్లి విలువను, మిగతా మూడు పద్ధతులూ పట్టుకోలేవన్నది నిజమే. కాని తెడ్డు పడవలో మండపీతల వేటకు వెళ్లే మనిషిని ఎంత ఇస్తావని అడిగితే వచ్చే జవాబు అడవిని కాక అతని జేబును కొలుస్తుంది. అదే మనిషిని, అడవిని తీసేస్తాం, ఎంత పుచ్చుకుంటావని అడిగి చూడండి. అంకె ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఒక్కోసారి ఎంతిచ్చినా వద్దనే జవాబూ వస్తుంది. ఇంతకీ హక్కు ఎవరిదని మనం ముందే అనుకున్నామో దాన్ని బట్టి ప్రశ్న మారుతుందన్నమాట.

చేపల పిల్లలు పెరిగే చోటుగా, తేనెపట్టుల నిలయంగా మడ ఇచ్చే రాబడిని తప్పిన నష్టానికి వేరుగా కలుపుకోవలసిందే. అది బజారు ధరలతో తేలిగ్గా తేలుతుంది. కష్టమైన భాగం తుపాను లెక్కే, దానికి సరుకు మన దగ్గరే తయారవుతోంది. తుపాను వెలిసిన వారంలో రెవెన్యూ సిబ్బంది ఊరూరా తిరిగి కూలిన ఇళ్లు, మునిగిన చేలు, పోయిన పశువులు, చెడిన పడవలు, వలలను ఎన్యూమరేషన్ చేస్తారు. ఆ ఫారంలో ఒక్క గడి అదనంగా చేర్చి, ఊరికీ సముద్రానికీ మధ్య ఎన్ని మీటర్ల మడ ఉందో రాయిస్తే చాలు. మరో రెండు మూడు తుపానులు దాటేసరికి గోదావరి, కృష్ణా డెల్టాల మడ అడవికి ఒడిశా లెక్కలను అరువు తెచ్చుకోవలసిన అవసరం ఉండదు.