తిరుపతిలో చలికోటు కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

ఇప్పుడే ఆ కొట్టు నుంచి వచ్చాను. కోపంతో ఇంకా ఒళ్లు వణుకుతోంది. తిరుపతి బస్టాండు దగ్గర చలికాలం రాగానే వరసగా వెలిసే స్వెట్టర్ల కొట్లు మీకు తెలుసు కదా, వాటిలో ఒకటి. అక్కడ కొని మోసపోయినవాళ్లకు ఏ కొట్టో అర్థమైపోతుంది.

మాది పలమనేరు పక్కన పల్లె. మొగిలి ఘాట్ ఎక్కితే చలి వేరేగా ఉంటుంది, రెండు వేల అడుగులకు పైనున్న ఊరు. నాయన నాలుగింటికే లేచి పాలు పితికి, క్యాను బండికి కట్టుకుని ఆరు కిలోమీటర్ల దూరంలోని పాలకేంద్రానికి పోతాడు. ఎన్నేళ్లుగానో ఒంటిమీద అదే నల్ల కంబళి. "అది వద్దు నాయనా, బండి చక్రంలో పడుతుంది, మంచి కోటు తెస్తాను" అన్నది నేనే. తప్పంతా అక్కడే మొదలైంది.

"లోపలంతా ఉన్నే అక్కా, నీళ్లు పోసినా దిగవు" అన్నాడు కొట్టాయన. 1,850 రూపాయలు ఫోన్లో పంపించాను. బిల్లు అడిగితే, "బిల్లెందుకక్కా, తేడా వస్తే తెచ్చెయ్, మార్చిస్తా" అన్నాడు. నమ్మాను.

మూడో రోజు పొద్దున పాలకేంద్రం నుంచి వచ్చిన నాయన బండికి స్టాండు కూడా వెయ్యలేకపోయాడట. వేళ్లు వంగడం లేదు, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అమ్మే క్యాను దించి, కోటు విప్పించి పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. మంచుకు కోటు లోపలిదాకా తడిసిపోయింది. లోపలి దూది గడ్డలు కట్టి కిందికి జారింది, భుజాల మీద రెండు పొరల గుడ్డ తప్ప ఏమీ లేదు. కోటు వెచ్చగా ఉండేదే ఆ దూది మధ్య నిలిచే గాలి వల్ల. తడిసి అణిగిపోయాక ఇక గాలి ఎక్కడ నిలుస్తుంది? బండి మీద ఎదురుగాలి ఒంట్లో వేడంతా లాగేస్తుంది.

నిన్న ఆదివారం ఇంటికి పోయి, కోటు లోపలి పొర నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించాను. ప్లాస్టిక్ కంపు, చివర గట్టి నల్లపూస. కంబళి పోగు కూడా కాల్చి చూశాను. వెంట్రుక కాలిన వాసన వచ్చింది, మంట తీయగానే ఆరిపోయింది, బూడిద వేళ్ల మధ్య పొడైంది. అసలైన ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తెలియనివ్వదు. అలాంటి దాన్ని నేను నాయన ఒంటిమీద నుంచి తీయించాను.

ఈరోజు కోటు పట్టుకుని వెళ్లాను. కొట్లో ఇంకో నలుగురున్నారు. కొనేటప్పుడు "అక్కా" అన్న మనిషి "ఏమ్మా, వాడేసి తెస్తే ఎవరు తీసుకుంటారు? బిల్లుందా?" అన్నాడు. ఫోన్లో డబ్బు పంపింది చూపిస్తే తల కూడా ఎత్తలేదు. నాయన పాలు పితికేటప్పుడు, బండి మీద వేసుకున్నాడని చెప్పాను. వెంటనే కోటు వాసన చూసి, ముక్కు మూసుకుని, అందరికీ వినబడేలా "పేడ కంపు! గొడ్లకాడ పనిచేసేవాళ్లకు కోటెందుకమ్మా, గోనెపట్ట చాలదా?" అని నా వైపు విసిరేశాడు. అది కిందపడింది. అందరూ చూస్తుండగా వంగి తీసుకున్నాను.

మా నాయన ఆ పేడ చేతులతోనే నన్ను డిగ్రీ చదివించాడు. ఆ మాట అక్కడే అనాల్సింది. గొంతు పెగల్లేదు. బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది.

1915కు, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ ఉంది, అదొక్కటే ధైర్యం. మీరు మాత్రం బిల్లు లేకుండా కొనొద్దు. ఏ గుడ్డో, ఎవరు తయారుచేశారో లేబుల్ మీద ఉందా చూడండి, మా కోటుకు గద్ద బొమ్మ తప్ప ఏమీ లేదు. నీళ్లు దిగవంటే కొట్లోనే భుజం మీద గ్లాసుడు నీళ్లు పోసి చూపించమనండి.

నాయన మళ్లీ కంబళే కప్పుకుంటున్నాడు. గాలి తగలకుండా చొక్కా లోపల ఛాతీ మీద పేపరు మడిచి పెట్టుకోమన్నాను. కంబళి చక్రంలో పడకుండా ఈ పొద్దున నేనే నడుముకు తాడు కట్టి పంపించాను.