క్లాక్ టవర్ దగ్గరి పాత పుస్తకాల కొట్టు, అక్కడ దొరికిన యెమెన్

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర సందులో ఉన్న ఈ పాత పుస్తకాల కొట్టులో గ్రూప్స్ గైడ్లు, ఇంటర్ మెటీరియలే ఎక్కువ. కానీ లోపలి గోడకు ఇంగ్లీషు చరిత్ర పుస్తకాల అర ఒకటుంది, నాకు యెమెన్ ఆధునిక చరిత్ర అందులోనే దొరికింది. 160 రూపాయలు. చదివి తెచ్చిస్తే సగం వాపస్ ఇస్తారు.

2015లో మనవాళ్లను ఓడల్లో, విమానాల్లో తీసుకొచ్చిన వార్త తప్ప ఆ దేశం గురించి నాకేమీ తెలియదు. తీరా చదివితే సగం కథ మన దగ్గరే ఉంది. ఏడెన్ రేవును 1839లో పట్టుకున్న బ్రిటిష్ వాళ్లు 1937 దాకా దాన్ని ఇండియాలో భాగంగానే పాలించారు. యెమెన్ తూర్పు ప్రాంతమైన హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో జమేదారుగా ఎదిగిన ఉమర్ బిన్ అవద్ కుటుంబమైతే హైదరాబాదులో సంపాదించిన డబ్బుతో అక్కడ ఏకంగా రాజ్యమే కట్టింది, 1881లో ముకల్లా రేవు కూడా వాళ్ల చేతికొచ్చింది, 1967 దాకా ఆ సుల్తానులే ఏలారు. మనం వెళ్లి తినే మండీ కూడా ఆ హద్రమౌత్ వంటే.

నన్ను బాగా కదిలించింది మాత్రం రెండు యెమెన్ల కథ. ఉత్తరాన 1962లో రాజుగా ఏలుతున్న ఇమామ్‌ను దింపేశారు, దక్షిణాన బ్రిటిష్ వాళ్లు పోయాక కమ్యూనిస్టులు వచ్చారు, 1990లో రెండూ కలిశాయి, నాలుగేళ్లకే యుద్ధం. ఓడిపోయిన దక్షిణాది అధికారులను ఉద్యోగాల్లోంచి బలవంతంగా ఇంటికి పంపారని చదువుతుంటే, తెలంగాణలో పుట్టినవాడిని, ఆ పేజీ తొందరగా తిప్పలేకపోయాను.

లోపం కూడా చెప్పాలి. పుస్తకంలో మ్యాప్ పేజీ ఎవరో చింపేశారు, మ్యాప్ లేకుండా ఈ చరిత్ర అసలు అర్థం కాదు. వెళ్లి అడిగితే కొట్టాయన "ముందే చూసుకోవాల్సింది నేను తమ్మీ" అని ఇరవై రూపాయలు తిరిగిచ్చి, స్కూలు పిల్లలు కొనుక్కునే ఆసియా అవుట్‌లైన్ మ్యాప్ ఒకటి చేతిలో పెట్టాడు. ఏడెన్, ముకల్లా, రాజధాని సనా పెన్సిల్‌తో నేనే గుర్తు పెట్టుకున్నా. ఇంకొకటి, ఇక్కడివన్నీ పాతవే, 2014లో హౌతీ తిరుగుబాటుదారులు సనాను పట్టుకోవడం, ఆ మరుసటి ఏడాది సౌదీ దాడులు నా పుస్తకంలో లేవు.

పొద్దున్నే పోకండి, పదకొండు దాటాకే తీస్తారు. కొనేముందు పేజీలన్నీ ఒకసారి తిరగేయండి. నేనైతే ఆ సగం డబ్బు అడగలేదు, మ్యాప్ మడిచి పుస్తకంలోనే పెట్టుకున్నా.