ఫిఫ్టీ లెన్స్ ఒక్కటే వేసుకుని గుళ్లూ కోటలూ తిరిగాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా. ఊళ్లు చూడటానికి వెళ్తుంటే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ (జూమ్ లేనిది, ఎఫ్ అంకె ఎంత తక్కువైతే లెన్స్ రంధ్రం అంత పెద్దగా తెరుచుకుంటుంది) మీకు చిరాకు తెప్పిస్తుంది, ఫొటోలు తీయడం నేర్చుకోవడానికి వెళ్తుంటే మాత్రం ఇంతకంటే మంచిది నాకు కనపడలేదు. దాదాపు ప్రతి కెమెరా కంపెనీకీ ఇలాంటిది ఒకటి ఉంటుంది, చిన్నది, తేలికైనది, వాళ్ల లెన్సుల్లో చవకైన వాటిలో ఒకటి. నేను కెమెరాతో పాటు వచ్చిన 18-55 జూమ్ లెన్స్ (కిట్ లెన్స్ అంటారు) బీరువాలో పెట్టేసి, కొన్నేళ్లుగా క్రాప్ సెన్సర్ (ఫిల్ము సైజు ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) ఉన్న డీఎస్ఎల్ఆర్ మీద దాదాపు దీంతోనే హంపి, లేపాక్షి, రామప్ప, గండికోట, గోల్కొండ తిరుగుతున్నాను.

చిరాకు ఎందుకంటే, క్రాప్ సెన్సర్ మీద 50 అంటే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 75, 80 ఎంఎం. ఫ్రేములో పట్టే మేర అంత ఇరుకు. హంపి విరూపాక్ష ఆలయం రాజగోపురం సుమారు 50 మీటర్ల ఎత్తు, కెమెరా నిలువుగా తిప్పి పట్టుకున్నా అది మొత్తం ఫ్రేములో పట్టాలంటే 100 మీటర్లకు పైగా వెనక్కి నడవాలి. ఎదురుగా బజారు వీధి తిన్నగా, పొడుగ్గా ఉంది కాబట్టి సరిపోయింది. విఠల ఆలయంలో రాతి రథం దగ్గర ఆ సుఖం కూడా లేదు, మీరు వెనక్కి జరిగే కొద్దీ మధ్యలోకి జనం వచ్చేస్తుంటారు (కొత్త 50 రూపాయల నోటు వెనక ఉన్నది ఆ రథమే, నోటు చేత్తో పట్టుకుని ఫొటో దిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు). గండికోటలో పెన్న లోయ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంట్లోవాళ్లు "అందరం, వెనక గుడి, రెండూ రావాలి" అంటే నేను మారు మాట్లాడకుండా ఫోన్ తీస్తాను.

మరి నేర్చుకోవడానికి ఎందుకు మంచిది? జూమ్ లేదు కాబట్టి కాళ్లతో నడవాలి అనే మాట అందరూ చెప్పేదే, అది నిజమే కానీ అసలు లాభం వేరే ఉంది. శిల్పం కదలదు. ఒకే బొమ్మని ఎఫ్ 1.8లో, 2.8లో, 5.6లో తీసి చూసుకోవచ్చు, ఏ మోడలూ అంతసేపు నిలబడదు. మీటరు దూరం నుంచి 1.8లో తీస్తే 3 సెంటీమీటర్ల మందం కూడా స్పష్టంగా రాదు, కన్ను మీద ఫోకస్ పెడితే ముందుకు చాచిన చెయ్యి మసకైపోతుంది. 5.6కి వెళ్తే అది 8 సెంటీమీటర్లు దాటుతుంది. ఇలా స్పష్టంగా వచ్చే మందాన్నే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు, దాని గురించి ఎన్ని వీడియోలు చూసినా బుర్రకెక్కనిది లేపాక్షి స్తంభాల దగ్గర ఒక్క పూటలో ఎక్కింది.

ఎక్స్‌పోజర్ (ఫొటోకి ఎంత వెలుతురు ఇవ్వాలో) నేర్చుకోవడానికైతే నా ఓటు రామప్పకే. 1213లో కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరింది, ఆ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఫొటోలు తీసేవాళ్లకి ముఖ్యమైంది అక్కడి రాయి. గోడలు ఎర్ర ఇసుకరాయి, మండపం స్తంభాలూ చూరు కింద ఒరిగి నిలబడ్డ మదనికలూ (స్త్రీ శిల్పాలు) నున్నటి నల్లరాయి. కెమెరాలోని మీటరు దేన్ని చూసినా సగం బూడిద రంగుకి తేవాలని చూస్తుంది కదా, అందుకని ఫ్రేము నిండా నల్ల స్తంభం పెడితే దాన్ని తెల్లబరిచేస్తుంది, ఒక స్టాపు (అంటే వెలుతురు సగానికి) తగ్గించాలి. అక్కడి నుంచి పది అడుగులు బయటికొచ్చి మదనికను కింద నుంచి తీయండి, అదే నల్లరాయి, కానీ ఇప్పుడు వెనక ఆకాశం ఉంది, మీటరు ఆ వెలుతురు చూసి బెదిరి బొమ్మని నల్లటి నీడగా మార్చేస్తుంది, ఈసారి ఒక స్టాపు పెంచాలి, లేదా స్పాట్ మీటరింగ్ (ఒక చిన్న చోటే వెలుతురు కొలిచే పద్ధతి) పెట్టి మొహం మీద కొలవాలి. ఒకే రాయికి రెండు వ్యతిరేక సర్దుబాట్లు! గుడి తూర్పు ముఖం కాబట్టి పొద్దున్నే వెళ్లండి, ఏటవాలు ఎండలో నగల గీతలు కూడా లేచి కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం వెళ్తే చూరు నీడే మిగులుతుంది.

చీకటి మండపాల్లో ఈ లెన్స్ విలువ తెలుస్తుంది. పురావస్తు శాఖ కట్టడాల్లో ముందుగా అనుమతి తీసుకోకుండా ట్రైపాడ్ వాడనివ్వరు, కాబట్టి చేత్తోనే తీయాలి. కిట్ లెన్స్ 50 దగ్గరికి వచ్చేసరికి 5.6కి పడిపోతుంది, 1.8 దానికి దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి తెస్తుంది. లేపాక్షి పైకప్పు చిత్రాలు అలాగే తీశాను, ఎఫ్ 2.2, షట్టర్ 1/100 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 1600 ప్రాంతంలో. ఫ్లాష్ జోలికి పోకండి, రంగులకీ మంచిది కాదు, ఫొటో కూడా చప్పగా వస్తుంది. పైకప్పు మొత్తం ఎలాగూ పట్టదు, చీర అంచులు, జడలు, ఒక్కొక్క మొహం, ఇలా ముక్కలుగా చూడటం అలవాటవుతుంది. గోల్కొండలో బాలా హిస్సార్ ఎక్కి కుతుబ్‌షాహీ సమాధుల వైపు తిప్పితే ఆ ఇరుకే పనికొచ్చింది, గుమ్మటాలు దగ్గరికి చేరినట్టు వస్తాయి.

లెన్స్ గురించి కాదు కానీ ఒక్కటి చెప్పాలి. విరూపాక్ష ఆలయం వెనక వైపు ఒక చీకటి గదిలో, గోడలోని సన్నటి సందులోంచి వచ్చే వెలుగు రాజగోపురాన్ని తలకిందులుగా ఎదురు గోడ మీద వేస్తుంది. అదే పిన్‌హోల్ కెమెరా, మీరు లోపల నిలబడి ఉంటారు. కెమెరా కొన్నవాళ్లు ఇది చూడకుండా రావద్దు.

ఇన్నాళ్ల వాడకంలో కనపడ్డ లోపాలు. స్టెబిలైజేషన్ (చెయ్యి వణుకు సర్దే ఏర్పాటు) లేదు, షట్టర్ 1/80 సెకను కంటే నెమ్మదిస్తే చెయ్యి వణుకు కనిపిస్తుంది. గర్భగుడి ముందు లాంటి చీకట్లో ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది, దీపమో, రాయి అంచో ఏదో ఒక వెలుగు గీత మీద పెడితేనే పట్టుకుంటుంది. పూర్తిగా తెరిస్తే ఆకాశానికి ఆనుకున్న అంచుల్లో ఊదా రంగు గీత వస్తుంది, 2.8కి వస్తే చాలావరకు పోతుంది. ఒళ్లంతా ప్లాస్టిక్, అయినా కోటల దుమ్ము బాగానే తట్టుకుంది. వానాకాలంలో మాత్రం గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, లేకపోతే ఫంగస్ పడుతుంది.

పాతది కొనేవాళ్లు లెన్స్‌ని టార్చ్ లైటుకి అడ్డం పట్టి లోపల సాలెగూడు లాంటి మచ్చలున్నాయేమో చూసుకోండి. ఫోకస్ మోటారు లెన్స్‌లో ఉందో లేదో కూడా అడగండి, కొన్ని పాత మోడళ్లలో ఉండదు, మీ కెమెరా బాడీలో కూడా లేకపోతే ప్రతి ఫొటోకీ చేత్తో తిప్పుకోవాల్సిందే.